అరుదైన కారు అంటే ఏంది? బ్రిటన్ స్పోర్ట్స్ కార్ల పుట్టుక, సావు, మళ్ల బతుకు

మన రోడ్ల మీద ఎంజీ హెక్టర్లు మస్తుగ తిరుగుతున్నయి. ముందట ఎనిమిది మూలల బిళ్ల, దాని నడుమ రెండు ఇంగ్లీషు అక్షరాలు. బండి తయారయ్యేది గుజరాత్‌ల హలోల్ కాడ. పేరు చైనాల ఉన్న ఎస్ఏఐసీ కంపెనీది. గని గా బిళ్ల పుట్టింది మాత్రం వందేండ్ల కింద ఇంగ్లండుల, ఆక్స్‌ఫర్డ్ పట్నంల ఒక రిపేరు షెడ్డుల. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. అంతే.

ఇగ జాగ్వార్ ముచ్చట అందరికి ఎరుకే. 2008ల టాటావోళ్లు దాన్ని ఫోర్డ్ కంపెనీ దగ్గర కొన్నరు. మనల్ని ఏలిన దేశం కంపెనీని మనోళ్లే కొన్నరని గప్పుడు అందరం మీసం తిప్పినం. మంచిదే. గని గా పేర్ల ఎనుక ఉన్న కార్లేంది, వాటిని చేసినోళ్లెవరు, అవి ఎందుకు ఆగిపోయినయి, ఇయ్యాల వాటిల కొన్నింటికి కోట్ల ధర ఎందుకు పలుకుతున్నదన్నది చెప్పేటోళ్లు తక్కువ. ఫోన్ల రీల్స్‌ల "ప్రపంచంల 16 కార్లే ఉన్నయి", "కొన్నోనికి జాక్‌పాట్" అని చూపెడతరు. ఎందుకు 16 ఉన్నయో చెప్పరు. ఈ వ్యాసం ఆ "ఎందుకు" గురించే.

మామూలు కారుకు కొత్త అంగీ తొడిగిన్రు

స్పోర్ట్స్ కారు అంటే రాజులు, కోటీశ్వరులు నడిపేదే అనుకుంటం. బ్రిటన్ స్పోర్ట్స్ కారు గట్ల పుట్టలే. విలియం మోరిస్ అనేటాయన జనం కొనే చౌక కార్లు చేసేటోడు. ఆయన గ్యారేజీకి మేనేజరుగ వచ్చిన సెసిల్ కింబర్ 1920లల ఒక ఉపాయం చేసిండు. మోరిస్ కార్లదే ఇంజన్, చాసిస్, గేర్లు తీసుకొని, వాటి మీద తేలికైన, సూడసక్కని బాడీ కట్టించిండు. ఖర్చు తక్కువ, ఉరుకుడు ఎక్కువ. స్కూలు మాస్టర్లు, గుమస్తాలు కూడ కొనగలిగే స్పోర్ట్స్ కారు అట్ల తయారైంది. 1929ల ఎంజీ ఆబింగ్డన్ అనే చిన్న ఊరికి మారింది. అక్కడి సంది ఊరు పేరు, కారు పేరు ఒక్కటైనయి.

జాగ్వార్ పుట్టుక ఇంకింత చిత్రం. విలియం లయన్స్ 1922ల బ్లాక్‌పూల్ పట్నంల, దోస్తు వామ్‌స్లీతోని కలిసి, మోటర్ సైకిళ్లకు పక్కన తగిలించే సైడ్‌కార్లు చేసే షెడ్డు పెట్టిండు. గండ్లకెల్లి కార్ల బాడీలు, బాడీలకెల్లి కార్లు. కంపెనీ పేరు ఎస్ఎస్ కార్స్. రెండో ప్రపంచ యుద్ధంల గా రెండక్షరాలు హిట్లర్ మూకల పేరు అయిపోయినయి. యుద్ధం కాంగనే 1945ల ఆ పేరు తీసి జాగ్వార్ అని పెట్టిన్రు. అది అంతకుముందు వాళ్ల ఒక మోడల్ పేరు.

లోటస్ కొలిన్ చాప్‌మన్ లెక్క వేరే. తేలిక జేస్తే చాలు, ఉరుకుడు దానంతట అదే వస్తదన్నది ఆయన నమ్మకం. 1957ల వచ్చిన లోటస్ సెవెన్‌ను విడి భాగాల పెట్టెగ సుత అమ్మిండు. ఎందుకంటే అక్కడ పూర్తిగ తయారైన కారు మీద కొనుగోలు పన్ను పడేది, ఇంట్ల బిగించుకునే సామాన్ల మీద పడకపోయేది. పైసలు తక్కువున్న పోరగాండ్లు శని, ఆదివారాలు ఇంటెనుక షెడ్డుల కూసోని సొంతంగ కారు బిగించుకునేటోళ్లు. 1973ల పన్ను లెక్కలు మారినయి. అదే ఏడు లోటస్ ఆ మోడల్ హక్కులు కేటర్‌హామ్ అనే డీలరుకు ఇచ్చేసింది. కేటర్‌హామ్ ఇయ్యాల్టికి దాన్ని చేస్తనే ఉన్నది.

ఇగ మోర్గాన్. మాల్వర్న్ ఊర్ల 1909–10 నుంచి ఉన్నది. బాడీ లోపట ఇప్పటికి కర్ర చట్రం పెడతరు, యాష్ అనే చెట్టు కర్ర. మన బండ్లకు వడ్లాయన చక్రం చెక్కినట్టు అక్కడ వడ్రంగి పనోళ్లు కారు చెక్కుతరు.

ఈ నాలుగు కథలల ఒక్క సంగతి గమనించాలె. ఎవ్వరి దగ్గర మొదట పెద్ద పెట్టుబడి లేదు. ఉన్న సామానుతోని, చేతి పనితోని మొదలుపెట్టిన్రు.

యుద్ధం అయినంక: ఎగుమతి చెయ్యి, లేకుంటే సావు

1945ల యుద్ధం అయిపోయేసరికి బ్రిటన్ అప్పుల కూరుకపోయింది. డాలర్లు కావాలె. ఉక్కు కరువు. సర్కారు ఒక షరతు పెట్టింది: బయటి దేశాలకు ఎక్కువ అమ్మేటోళ్లకే ఎక్కువ ఉక్కు. అప్పట్ల "ఎగుమతి చెయ్యి, లేకుంటే సావు" అన్నదే నినాదం.

ఎంజీ దగ్గర అప్పుడున్నది టీసీ అనే చిన్న కారు. నిజానికి అది యుద్ధానికి ముందటి డిజైనే. సన్నటి చక్రాలు, గట్టి స్ప్రింగులు, స్టీరింగు కుడి దిక్కు మాత్రమే. 1945 నుంచి 1949 దాంక దాదాపు 10,000 చేసిన్రు. వాటిల రెండు వేల దాంక అమెరికాకు పోయినయి. సంఖ్య చిన్నదే, ప్రభావం పెద్దది. ఓడలంత అమెరికా కార్ల నడుమ ఈ గల్లీ కారు మూలమలుపుల కాడ గిర్రున తిరిగేది. అక్కడి పోరలు ఫిదా అయిన్రు. దాని తర్వాతి టీడీకి ఎడమ స్టీరింగు పెట్టిన్రు, దాదాపు 30,000 పోయినయి. 1955ల వచ్చిన ఎంజీఏ లక్షకు పైగ తయారైతే, అందుల పదింట ఎనిమిది వంతులు అమెరికాకే.

ఎంజీని పెంచి పెద్దజేసిన కింబర్ మాత్రం ఇదంత చూడలే. పై మేనేజ్‌మెంటుతోని లడాయి అయ్యి 1941ల ఆయన్ని తీసేసిన్రు. 1945 ఫిబ్రవరిల లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ కాడ రైలు ప్రమాదంల చనిపోయిండు.

జాగ్వార్ 1948ల లండన్ మోటర్ షోకు ఎక్స్‌కే120 తెచ్చింది. కొత్త ఇంజన్‌ను చూపెట్టెతందుకు హడావిడిగ కట్టిన కారు అది. గా ఇంజన్ ఆలోచన యుద్ధం రాత్రుల్ల పుట్టింది. బాంబులు పడితే మంటలు ఆర్పెతందుకు ఫ్యాక్టరీల కావలి కాసుకుంట, లయన్స్, ఆయన ఇంజనీర్లు దాని గురించే మాట్లాడుకునేటోళ్లు. కారును రెండు వందలో ఎన్నో అమ్ముతమనుకున్నరు. జనం ఎగబడ్డరు. మొదటి 240 దాంక కర్ర చట్రం మీద అల్యూమినియం రేకు చేతితోని కొట్టి చేసిన్రు. ఆర్డర్లు తట్టుకోలేక తర్వాత ఉక్కు బాడీకి మారిన్రు. అందుకే ఇయ్యాల ఎక్స్‌కే120 కొనేటోళ్లు అల్యూమినియందా, ఉక్కుదా అని ముందే అడుగుతరు. అప్పుడది తొందరపాటు పని. ఇప్పుడదే అరుదైన వేరియంట్.

1961 మార్చిల జెనీవాల జాగ్వార్ ఈ-టైప్ చూపెట్టిన్రు. ఒక్క కారు మీద జనం తొక్కులాడుతుంటే, టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఇంగ్లండు నుంచి రాత్రంత నడిపి ఇంకో కారును జెనీవాకు తెచ్చిండు. గంటకు 240 కిలోమీటర్లు పోతదన్న కారును 2,100 పౌండ్ల లోపు ఇచ్చిన్రు. గదే స్పీడు పోయే ఇటలీ కార్లు అంతకు ఎన్నో రెట్లు పిరం. 1974 దాంక 72,000కు పైగ చేసిన్రు.

మన అంబాసిడర్‌కు, మన హెరాల్డ్‌కు చుట్టరికం

ఇక్కడ మనకు నిజమైన చుట్టరికం ఉన్నది. మంత్రులు, కలెక్టర్లు, పెండ్లికొడుకులు ఎక్కిన అంబాసిడర్ అసలు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. హిందుస్తాన్ మోటర్స్ దాన్ని బెంగాల్‌ల ఉత్తరపారా కాడ 2014 దాంక చేసింది. అంబాసిడర్ల చానా ఏండ్లు నడిచిన 1,489 సీసీ పెట్రోలు ఇంజన్ బీఎంసీ కంపెనీ బి-సిరీస్. మొదటి ఎంజీఏ స్పోర్ట్స్ కారుల ఉన్నది సుత గదే 1,489 సీసీ బి-సిరీస్. ఎంజీకి రెండు కార్బురేటర్లు పెట్టి, జర ట్యూనింగ్ చేసి ఉరికించిన్రు. మనకాడ గదే కుటుంబం ఇంజన్ ఏడుగురిని ఎక్కించుకొని జాతరకు పోయింది. మన అంబాసిడర్ మేస్త్రి చేతికి ఎంజీఏ ఇంజన్ ఇస్తే ఆయనకు కొత్తగ అనిపియ్యదు.

ఇంకోటి. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అని 1962ల ఒక చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని చాసిస్ ట్రయంఫ్ హెరాల్డ్‌కెల్లి కురచ చేసి తీసినదే. డిజైన్ చేసింది ఇటలీ ఆయన, మికెలొట్టి. పైసల్లేక ఆ నమూనాను గుడ్డ కప్పి మూలకు పెడితే, కంపెనీని కొన్న లేలాండ్ వాళ్లు గుడ్డ లేపి చూసి "చేద్దం" అన్నరు. 1980 దాంక మూడు లక్షలకు పైగ అమ్ముడుపోయినయి. గదే హెరాల్డ్‌ను 1961 సంది మద్రాసుల స్టాండర్డ్ కంపెనీ చేసింది. ఇంగ్లండుల హెరాల్డ్ సెలూన్‌కు రెండే తలుపులు. మన జనానికి అది కుదర్లే, వెనక కూసునేటోళ్లు దిగాల్నంటే ముందటోళ్లు దిగాలె. అందుకని మద్రాసోళ్లు తర్వాత నాలుగు తలుపుల హెరాల్డ్ చేసిన్రు. ఇంగ్లండు ఫ్యాక్టరీ అటువంటిది ఎన్నడు చెయ్యలే. "అరుదైన బ్రిటిష్ వేరియంట్" అని వెతికేటోళ్లు అట్లాంటి బండి మన దిక్కు ఏదో చింతచెట్టు కింద తుప్పు పడుతుండొచ్చని అనుకోరు.

అరుదు ఐదు తీర్ల అయితది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక కారు అరుదు అయిందంటే, అది గొప్పది కాబట్టి అయిందనుకుంటం. లెక్క తీస్తే ఐదు కారణాలు కనబడతయి. అన్నీ గొప్పతనాలు కావు.

మొదటిది, పందెం కోసం. ఆస్టిన్-హీలీ 100ఎస్ ఇందుకు మంచి ఉదాహరణ. డొనాల్డ్ హీలీ అనే ఆయన 1952 లండన్ షోల తన కారు పెడితే, ఆస్టిన్ పెద్దమనిషి లెనార్డ్ లార్డ్ అక్కడికక్కడ బేరం కుదుర్చుకున్నడు. 1954ల అమెరికా సెబ్రింగ్ పన్నెండు గంటల పందెంల గా కారు మూడో స్థానంల నిలిచింది. అందుకే ఎస్ అక్షరం. 1955ల అమ్మెతందుకు 50 మాత్రమే చేసిన్రు. అల్యూమినియం బాడీ, నాలుగు చక్రాలకు డిస్క్ బ్రేకులు, అప్పటికి అది పెద్ద సంగతి. జాగ్వార్ లైట్‌వెయిట్ ఈ-టైప్ సుత గట్లనే. 18 చేద్దమనుకొని, 1963–64ల 12 చేసి ఆపేసిన్రు.

పందెం చరిత్రంటే కప్పులు, పూలదండలే కాదు. 1955 లమాన్ పందెంల ముందట పోతున్న జాగ్వార్ పిట్ దిక్కు మళ్లింది. ఎనుకున్న 100ఎస్ తప్పుకోబోయింది. దాని ఎనుక వచ్చిన మెర్సిడెస్ దాన్ని గుద్ది గాల్లకు లేచి జనం మీద పడ్డది. 80 మందికి పైగ సచ్చిపోయిన్రు. గా 100ఎస్ దశాబ్దాల తర్వాత వేలంల భారీ ధర పలికింది. ధర చూసి సంబురపడే ముందు గా రోజు యాది చేసుకోవాలె.

రెండోది, ప్రమాదం. జాగ్వార్ డి-టైప్ లమాన్‌ల 1955, 56, 57ల వరుసగ గెలిచింది. గని 1956 ఆఖర్ల కంపెనీ సొంతంగ పందేలు ఆడుడు ఆపేసింది. షెడ్డుల అమ్ముడుపోని డి-టైప్‌లు మిగిలినయి. ఏం చేద్దం? డ్రైవర్ తల ఎనుక రెక్క తీసేసి, రెండో సీటు దిక్కు తలుపు పెట్టి, అద్దం, గుడ్డ టాపు, చిన్న బంపర్లు తగిలించి "ఎక్స్‌కేఎస్ఎస్" అని అమ్ముదమనుకున్నరు. అంటే అది అమ్ముడుపోని సరుకును వదిలించుకునే ఉపాయం. 25 చెయ్యాల్నని లెక్క. 1957 ఫిబ్రవరి 12 రాత్రి కావెంట్రీ బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీల మంటలు లేచినయి. తొమ్మిది కార్లు అందుల కాలినయి. మిగిలినయి 16. అందుల ఒకదాన్ని సినిమా హీరో స్టీవ్ మెక్వీన్ కొన్నడు. ఒకప్పుడు ఎవ్వరు కొననిది ఇయ్యాల ఎవ్వరు కొనలేనిది అయింది. లమాన్ గెలిచిన 1956 డి-టైప్ 2016ల వేలంల 2 కోట్ల 17 లక్షల డాలర్లకు పైగ పలికింది.

మూడోది, తప్పు. ఎంజీఏ ట్విన్ క్యామ్ 1958ల వచ్చింది. మామూలు ఎంజీఏకు రెండు క్యామ్‌షాఫ్ట్‌లున్న 1,588 సీసీ ఇంజన్, నాలుగు డిస్క్ బ్రేకులు. కాయితం మీద అద్భుతం. రోడ్డు మీద పిస్టన్లకు బొక్కలు పడ్డయి. తక్కువ రకం పెట్రోలు పోస్తే, టైమింగ్ జర అటిటైతే ఇంజన్ గుల్ల. ఒక స్పీడు కాడ కార్బురేటర్లు వణికి, పెట్రోలు నురుగు వట్టి, ఇంజన్‌కు సరిపోను పెట్రోలు అందకపోవుడు సుత కారణమని తర్వాతి కాలంల తెలిసింది. వారంటీ ఖర్చు భరించలేక 1960ల బందు పెట్టిన్రు. మొత్తం 2,111. కొన్నోళ్లు తిట్టుకున్న కారు ఇయ్యాల మామూలు ఎంజీఏ కంటే పిరం. తప్పేందో తెలిసినంక దాన్ని సక్కగ నడిపిస్తున్నరు గదా.

నాలుగోది, ఎవ్వరు కొనకపోవుడు. మోర్గాన్ కంపెనీ 1963ల "ప్లస్ ఫోర్ ప్లస్" అని ఫైబర్ బాడీ, గుండ్రటి టాపు ఉన్న కారు తెచ్చింది. కాలంతోని మారుదమని వాళ్లు అనుకున్నరు. మోర్గాన్ కొనేటోళ్లు మారేటోళ్లు కాదు, వాళ్లకు పాత తీర్గనే కావాలె. 1967 దాంక 26 మాత్రమే తయారైనయి. ఓడిపోయిన కారు, అందుకే అరుదు.

ఐదోది, పై ఆఫీసు లెక్కలు. ఎంజీబీ 1962 నుంచి 1980 దాంక ఐదు లక్షలకు పైగ తయారైంది. కెన్ కాస్టెల్లో అనే ఆయన సొంత షెడ్డుల ఎంజీబీకి రోవర్ కంపెనీ అల్యూమినియం వి8 ఇంజన్ బిగించి అమ్మవట్టిండు. గా ఇంజన్ అమెరికా బ్యూక్ కార్లకెల్లి వచ్చింది. 3.5 లీటర్లు అయినా, ఎంజీబీ పాత ఇనుప ఇంజన్ కంటే బరువు పెద్దగ ఎక్కువ లేదు. ఒక్క మనిషి చేసింది చూసి కంపెనీ మేలుకున్నది. 1973ల ఎంజీబీ జీటీ వి8 వచ్చింది. గని టాపు లేని మోడల్‌కు ఆ ఇంజన్ ఇయ్యలే. అన్నిటికంటే పెద్ద బజారైన అమెరికాకు పంపలే. అదే ఏడు చమురు సంక్షోభం. 1976కు 2,591 చేసి మూసేసిన్రు. సన్‌బీమ్ టైగర్ కథ సుత గింతే. రూట్స్ కంపెనీ చిన్న కారుల ఫోర్డ్ వి8 పెట్టింది, కారు మంచిగ పోయింది. కంపెనీని క్రైస్లర్ కొన్నది. పగోని ఇంజన్ మన కారుల ఎట్ల ఉంటదని 1967ల బందు.

ఈ ఐదు తెలిస్తే, ఇగ ఎవడన్న "అరుదు" అంటే, "ఏ తీర్గ అరుదు?" అని అడగొచ్చు.

అసలు ఏది, నకలు ఏది

పైసలు ఉన్నకాడ నకలు పుడతది. ఆస్టిన్-హీలీ 100ఎం అనే మోడల్ తీసుకోన్రి. ఫ్యాక్టరీ నుంచి 640 వచ్చినయి. గని అదే సామాను కిట్టుగ సుత అమ్మిన్రు, డీలరు మామూలు కారుకు బిగించేటోడు. రెండు కార్లు పక్కపక్కన పెడితే కండ్లకు ఫరక్ కానరాదు. ధరల మాత్రం మస్తు ఫరక్. మరి తేల్చేదేంది? కాయితం. బ్రిటన్‌ల పాత కంపెనీల తయారీ రిజిస్టర్లు దాచిపెట్టిన్రు. గేడన్‌ల ఉన్న బ్రిటిష్ మోటర్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ చాసిస్ నంబరు చూసి, గా కారు ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజన్ నంబరు, ఏ దేశానికి పోయిందని సర్టిఫికెట్ ఇస్తది. ఎవరో ఒక గుమస్తా అరవై డెబ్బై ఏండ్ల కింద రాసిన ఒక లైను, ఇయ్యాల లక్షల పౌండ్ల తగువు తెంపుతున్నది.

ఇంకో కొత్త తీరు వచ్చింది. కంపెనీలే పాత కార్లను మళ్ల చేస్తున్నయి. జాగ్వార్ 2014ల మిగిలిన 6 లైట్‌వెయిట్ ఈ-టైప్‌లు చేస్తమన్నది. 2016ల, మంటల్ల పోయిన 9 ఎక్స్‌కేఎస్ఎస్‌ల స్థానంల 9 కొత్తయి ప్రకటించింది, ఒక్కోటి పది లక్షల పౌండ్లకు పైనే. ఆస్టన్ మార్టిన్ 1960లల చేసిన డీబీ4 జీటీ జగాటో మొదట 19 మాత్రమే. 2019ల మళ్ల 19 చేసింది. ఇవి అసలా, నకలా? పేరు అదే, కొలతలు అవే, కంపెనీ అదే. చేసిన కాలం, చేసిన చేతులు వేరే. నా మటుకు నాకు, పోయిన పనితనాన్ని మళ్ల నేర్చుకున్నరంటే మెచ్చుకోవాలె. కాలిపోయిన కారు తిరిగొచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. కాలిపోయింది కాలిపోయినట్టే.

ఆబింగ్డన్ మూతపడ్డ తీరు

గింత పేరున్న కార్ఖానాలు ఎందుకు మూతవడ్డయి? 1952ల ఆస్టిన్, మోరిస్ కలిసి బీఎంసీ అయినయి. 1968ల అందరు కలిసి బ్రిటిష్ లేలాండ్ అయిన్రు. నిన్నటిదాంక పోటీ పడ్డ ఎంజీ, ట్రయంఫ్ ఒక్క ఇంట్ల పడ్డయి. కొత్త మోడల్ పైసలు ట్రయంఫ్‌కు పోయినయి. ఎంజీబీని ఏండ్లకేండ్లు అట్లనే వదిలేసిన్రు. అమెరికాల పొగ, భద్రత చట్టాలు గట్టిగైనయి. అవి జనం మంచికే వచ్చిన చట్టాలు, వాటికి తగ్గట్టు కొత్త ఇంజన్ చెయ్యాలె. చెయ్యలే. 1974ల పాత కారుకే నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, ఎత్తు పెంచిన్రు. మొదట్ల 95 హార్స్‌పవర్ ఉన్న కారు, అమెరికా మోడల్‌ల 62 దగ్గరికి పడిపోయింది. 1975ల సర్కారు కంపెనీని తన చేతులకు తీసుకున్నది. అప్పటికి నిర్వాకం, సమ్మెలు, నాణ్యత తక్కువ, అన్ని కలిసి నడుము ఇరిగింది. చివరికి పౌండ్ విలువ పెరిగి, అమెరికాల అమ్మిన ప్రతి ఎంజీబీ మీద నష్టమని మేనేజ్‌మెంట్ లెక్క చెప్పింది.

1979 సెప్టెంబర్‌ల ఆబింగ్డన్ ఊరంత పండుగ చేసుకున్నది. ఎంజీ ఆ ఊరికి వచ్చి 50 ఏండ్లు. ఊరేగింపులు, జెండాలు. పండుగ అయిపోయిన మర్నాడు, సోమవారం, 10వ తారీఖు, ఫ్యాక్టరీల కార్ల తయారీ బందు పెడుతున్నమని ప్రకటన వచ్చింది. తోరణాలు సుత విప్పలే ఇంక. 1980 అక్టోబర్‌ల ఆఖరి ఎంజీబీ బయటికొచ్చింది. 50 ఏండ్లల 11 లక్షలకు పైగ కార్లు చేసిన చేతులు ఖాళీ అయినయి. తర్వాత 2005ల లాంగ్‌బ్రిడ్జ్ కాడ ఎంజీ రోవర్ కంపెనీ దివాలా తీస్తే ఇంకో వేల మంది కొలువులు పోయినయి. పేరు మాత్రం బతికింది. పేరును చైనావోళ్లు కొన్నరు.

నిజానికి జనానికి చిన్న స్పోర్ట్స్ కార్ల మీద మోజు పోలే. 1989ల జపాన్ కంపెనీ మాజ్డా, పాత లోటస్ ఎలాన్ తీర్గ ఎంఎక్స్-5 అనే కారు తెచ్చింది. తేలిక, రెండు సీట్లు, తీసే టాపు, పొద్దుగాల స్టార్ట్ కొడితే స్టార్ట్ అయితది, నూనె కారదు. పది లక్షలు దాటినయి. బ్రిటన్ పుట్టించిన ఆలోచనను బ్రిటన్ పట్టించుకోలే, వేరేటోళ్లు పట్టుకున్నరు.

మనకెందుకీ ముచ్చట

మొదటిది, బిళ్ల వేరు, పని వేరు. పేరు ఎంత పాతదని కాదు, బండిని ఎవరు చేస్తున్నరు, పార్టులు దొరుకుతయా, సర్వీసు ఎంత దూరం అని చూడాలె. షోరూంల "లిమిటెడ్ ఎడిషన్" అంటే స్టిక్కరు, రంగు మారిందా, లోపట ఏమన్న మారిందా అని అడగున్రి. స్టిక్కరుకు పది వేలు ఎక్కువ పెట్టేముందు 100ఎస్‌ను యాది చేసుకోన్రి, అందుల బాడీ లోహమే మార్చిన్రు.

రెండోది, పార్టులు ఉంటెనే బండి బతుకుతది. ఎంజీబీ బందైన ఎనిమిదేండ్లకు, 1988ల, బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ పాత అచ్చులు వెతికి పట్టుకొని, కొత్త ఎంజీబీ బాడీలు కొట్టుడు మొదలుపెట్టింది. అందుకే అక్కడ అవి ఇప్పటికి తిరుగుతున్నయి. పాత కార్ల రిపేరు మీద రేకు పనోళ్లు, రంగు పనోళ్లు, సీట్లు కుట్టేటోళ్లు ఎందరో బతుకుతున్నరు. మన దగ్గర రేకును సుత్తెతోని సాపు చేసే మేస్త్రీలు ఒక్కొక్కరే పోతున్నరు. వాళ్ల పని వాళ్లతోనే పోతున్నది. ఐటీఐల చదివే తమ్ముండ్లు ఆ షెడ్డుల ఆర్నెల్లు కూసుంటే, ఏ కోర్సుల దొరకని విద్య దొరుకుతది.

మూడోది, మన బండ్లు. అంబాసిడర్, హెరాల్డ్, ఫియట్, పాత జీపులు, ఇవన్ని మన రోడ్ల చరిత్ర. 2021ల కేంద్ర సర్కారు నిబంధన తెచ్చింది: 50 ఏండ్లు దాటి, అసలు రూపం పెద్దగ మార్చని రెండు, నాలుగు చక్రాల సొంత బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. పాత నంబరుంటే గదే నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగ రిజిస్ట్రేషన్ అయితే ఫీజు 20,000, మళ్ల చేయించుకుంటే 5,000. రోజువారి తిరుగుడుకు, కిరాయికి పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు నడుపుకోవచ్చు.

గందుకే, పశువుల కొట్టం పక్కన తాతల నాటి కారు పడి ఉంటే, పాత సామాన్లోడు కిలోల లెక్కన అడిగితే తొందరపడకున్రి. ముందుగాల చాసిస్ ప్లేటు తుడిచి నంబరు రాసుకోన్రి. ఫోటో తీయున్రి. సందుగుల ఆర్సీ బుక్కు, బిల్లు, పాత ఇన్సూరెన్స్ కాయితం ఉన్నయేమో వెతకున్రి. తలుపులు లెక్కపెట్టున్రి. దాన్ని నడిపిన పెద్దమనిషి ఇంకా ఉంటే, ఎప్పుడు కొన్నరు, ఎవరి దగ్గర కొన్నరు, ఎంతకు కొన్నరు అని అడిగి ఫోన్ల రికార్డు చేయున్రి. అమ్మాల్నా, ఉంచుకోవాల్నా అన్నది తర్వాతి ముచ్చట.